ఆటోక్రాస్ కోసం పాత కారు: ఏది కొనాలి, ఏం చూసి కొనాలి

ఇంట్లో కుర్రాడు "పాత ఎస్టీమ్ ఒకటి తక్కువకి దొరుకుతోంది, రేసింగ్‌కి తయారు చేసుకుంటా" అంటే తల్లిదండ్రులకు ముందు గుర్తొచ్చేది అర్ధరాత్రి రోడ్ల మీద పందేలు. ఆటోక్రాస్ అది కాదు. మోటార్ స్పోర్ట్‌లో తక్కువ ఖర్చుతో, నిబంధనల ప్రకారం మొదలుపెట్టగలిగే విభాగాల్లో ఇదొకటి. అయితే మొదటి కారు ఎంచుకోవడంలో తప్పటడుగు పడితే తక్కువ ఖర్చు అనుకున్నది కాస్తా ఇంటి పొదుపు తినేసే వ్యవహారంగా మారుతుంది. షెడ్డులో సగం విప్పిన కారు ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. ఆ పరిస్థితి రాకుండా కొనేముందు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవి.

ఆటోక్రాస్ అంటే ఏమిటి?

ఖాళీ మైదానంలో తాత్కాలికంగా ఒక మార్గం గీసి, మలుపుల దగ్గర జెండాలు, కోన్లు, టైర్లు పెడతారు. పోటీదారుడు ఆ మార్గాన్ని వీలైనంత తక్కువ సమయంలో పూర్తి చేయాలి. ఇక్కడ పోటీ గడియారంతోనే. పది కార్లు ఒకేసారి ఒకదాన్నొకటి రాసుకుంటూ పోవడం ఉండదు. జెండాను లేదా కోన్‌ను తగిలితే సమయం కలుపుతారు, దారి తప్పితే ఆ రన్ లెక్కలోకి రాదు. పెనాల్టీ ఎంత అనేది ఆయా ఈవెంట్ నిబంధనల్లో ఉంటుంది. మలుపులు దగ్గర దగ్గరగా ఉండటంతో ఎక్కువ భాగం రెండో గేరు, మూడో గేరులోనే నడుస్తుంది. అందుకే ఇక్కడ టాప్ స్పీడ్ కంటే బ్రేకులు, స్టీరింగ్, టైర్ల పట్టు, డ్రైవర్ ఓపిక ఎక్కువ పని చేస్తాయి.

మన దేశంలో మోటార్ స్పోర్ట్‌ను నడిపించే గుర్తింపు సంస్థ ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా. క్లుప్తంగా ఎఫ్‌ఎంఎస్‌సిఐ అంటారు. ఈ సంస్థ అనుమతితో జరిగే పోటీలో పాల్గొనాలంటే దాని నుంచి కాంపిటీషన్ లైసెన్స్ తీసుకోవాలి. పోటీకి ముందు స్క్రూటినీ ఉంటుంది. అంటే కారునూ, హెల్మెట్‌నూ అధికారులు పరీక్షించి పాస్ చేయాలి. చాలా ఈవెంట్లలో మహిళలకు వేరే క్లాస్ కూడా ఉంటుంది. చెన్నైకి చెందిన అలీషా అబ్దుల్లా బైక్ రేసింగ్‌లోనూ, కార్ రేసింగ్‌లోనూ పేరు తెచ్చుకున్నారు. కాబట్టి ఇది అబ్బాయిల ఆట మాత్రమే అనుకోనక్కర్లేదు.

రోడ్డు మీద పందెం వేస్తే లెక్క వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో రేసింగ్ చేస్తే మొదటిసారి 3 నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు, లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. 18 ఏళ్లు నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే సెక్షన్ 199ఏ కింద తండ్రి లేదా బండి ఓనర్ బాధ్యుడవుతాడు. అతనికి 3 ఏళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

ముందు తేల్చుకోవాల్సింది: రోడ్డు కారా, పోటీ కారా?

ఏ మోడల్ కొనాలన్న ప్రశ్న తర్వాత. కారు రోజూ రోడ్డు మీద కూడా తిరగాలా, లేక పోటీకి మాత్రమేనా అన్నది ముందు తేల్చుకోవాలి. మిగతా ఖర్చంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి కారణం ఇన్సూరెన్స్. ప్రైవేట్ కారు పాలసీలో "వాడకంపై పరిమితులు" అనే భాగం ఉంటుంది. ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ కోసం బండి వాడితే పాలసీ వర్తించదని అందులో రాసి ఉంటుంది. పోటీలో బంపర్ పగిలినా, ఇంజన్ పోయినా క్లెయిమ్ రాదు. ఇంట్లో అందరూ వాడే ఒక్కగానొక్క కారును ఆటోక్రాస్‌కు తీసుకెళ్లకూడదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

రెండోది మార్పుల సంగతి. సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సిలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. వెనక సీట్లు తీసేసి, కేజ్ వేసి, సైలెన్సర్ మార్చిన కారును రోడ్డు మీద నడపడం కుదరదు. దాన్ని మైదానానికి క్యారియర్ బండి మీద తీసుకెళ్లాలి, అలాగే తెచ్చుకోవాలి. ఊరు మారితే ఆ కిరాయి చిన్నది కాదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి మధ్యదారి ఒకటుంది. కాగితాలు సరిగా ఉన్న మామూలు పాత కారు కొని, పెద్ద మార్పులేమీ చేయకుండా, బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ బాగు చేసుకుని మొదటి సీజన్ దానితోనే నడపాలి. నాలుగైదు ఈవెంట్లు అయ్యాక ఆసక్తి నిలబడితే అప్పుడు పూర్తి పోటీ కారు గురించి ఆలోచించవచ్చు. ఆసక్తి తగ్గితే కారు మామూలు రేటుకు అమ్ముడుపోతుంది. కోసి, వెల్డింగ్ చేసిన కారును మాత్రం కొనేవాడు దొరకడు.

క్లాస్ చూసి కారు

ఆటోక్రాస్‌లో కార్లను సాధారణంగా ఇంజన్ సామర్థ్యాన్ని బట్టి క్లాసులుగా విడగొడతారు. 1,100 సిసి వరకు ఒకటి, 1,400 సిసి వరకు ఒకటి, 1,650 సిసి వరకు ఒకటి, ఆపైన ఓపెన్ క్లాస్, ఇలా ఉంటుంది. ఈవెంట్‌ను బట్టి హద్దులు మారతాయి కాబట్టి కారు కొనే ముందే సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ అనే నిబంధనల పత్రాన్ని నిర్వాహకుల దగ్గర తీసుకుని చదవాలి. ఫలానా మోడల్‌ను అనుమతిస్తారా, ఏయే మార్పులు చేసుకోవచ్చు, హెల్మెట్‌కు ఏ ప్రమాణం కావాలి అన్నవి అందులోనే ఉంటాయి.

క్లాస్ హద్దుకు దగ్గరగా ఉన్న ఇంజన్ కొంటే లాభం. 1,400 సిసి క్లాస్‌లో 1,298 సిసి కారుకు పోటీ ఇవ్వగల శక్తి ఉంటుంది. అదే క్లాస్‌లోకి 1,100 సిసి దాటీ దాటని కారుతో వెళ్తే మొదటి రోజు నుంచే వెనకబాటు.

ఏ కార్లు చూడొచ్చు?

మారుతి 800: 796 సిసి, బరువు సుమారు 650 కిలోలు. 1983లో మొదలై 2014 వరకు తయారైంది కాబట్టి సామాను ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది. శక్తి తక్కువ, చక్రాలు చిన్నవి. గెలవడానికి కాకపోయినా నేర్చుకోవడానికి మంచి బండి. మలుపులో అనవసరంగా వేగం పోగొట్టుకుంటే తిరిగి తెచ్చుకునే శక్తి ఇంజన్‌లో ఉండదు. దాంతో డ్రైవర్‌కు పొదుపుగా నడపడం అలవాటవుతుంది.

మారుతి జెన్: 993 సిసి, అల్యూమినియం ఇంజన్, బరువు సుమారు 750 కిలోలు. 1993 నుంచి 2006 వరకు వచ్చింది. చిన్నది, తేలికైనది, మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది. 1,100 సిసి లోపు క్లాస్‌కు సరిపోతుంది. తర్వాత వచ్చిన జెన్ ఎస్టిలో పేరులో మాత్రమే జెన్, కారు పూర్తిగా వేరు. ప్రకటనల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయి, జాగ్రత్త.

మారుతి ఎస్టీమ్: 1,298 సిసి, 1994లో వచ్చింది. మొదట్లో కార్బురేటర్ ఇంజన్, 65 బిహెచ్‌పి. 1999 తర్వాత వచ్చిన ఎంపిఎఫ్‌ఐ ఇంజన్ 85 బిహెచ్‌పి ఇస్తుంది. బరువు 900 కిలోల లోపే. ఈ శక్తికి ఈ బరువు, ఈ ధరలో మరో కారులో దొరకడం కష్టం. సుజుకి జి13 కుటుంబానికి చెందిన ఇంజన్లే జిప్సీలోనూ, మొదటి తరం స్విఫ్ట్‌లోనూ ఉన్నాయి. దాంతో ఈ ఇంజన్ తెలిసిన మెకానిక్‌లు ఎక్కువ, సామాను కూడా సులువుగా దొరుకుతుంది. కొత్తవారికి మొదట చూడమని చెప్పదగ్గ కారు ఇదే. లోపాలూ లేకపోలేదు. వయసు మీద పడటంతో తుప్పు ఎక్కువ, మంచి బాడీ ఉన్న కారు దొరకాలంటే ఓపిగ్గా వెతకాలి.

మొదటి తరం మారుతి స్విఫ్ట్: 2005లో వచ్చింది. ఇదీ 1,298 సిసి, 87 బిహెచ్‌పి. బరువు దాదాపు వెయ్యి కిలోలు. ఎస్టీమ్ కంటే ధర ఎక్కువైనా బాడీ గట్టిది, వయసు తక్కువ. వీల్‌బేస్ పొట్టిగా ఉండి మలుపులో బాగా తిరుగుతుంది. డీజిల్ కారు ముందు భాగం బరువుగా ఉంటుంది కాబట్టి పెట్రోల్ కారే చూసుకోవాలి.

పాత హోండా సిటీ: మొదటి తరం 1998లో వచ్చింది. 2000లో వచ్చిన 1.5 లీటర్ వీటెక్ ఇంజన్ 106 బిహెచ్‌పి ఇస్తుంది. మన దేశంలో రేసింగ్ వాళ్లు ఎంతో ఇష్టపడిన కారు. ఆ పేరు వల్లే మంచి కారుకు ఓనర్లు ఎక్కువ రేటు చెబుతారు. సామాను ఖరీదు ఎక్కువ. కింది భాగం నేలకు దగ్గరగా ఉండటంతో మట్టి ట్రాక్‌లో సంప్ గార్డ్ తప్పనిసరి.

మారుతి బలెనో సెడాన్: 1999లో వచ్చిన పాత బలెనో, 1,590 సిసి, 90 బిహెచ్‌పికి పైగా. 2015లో వచ్చిన బలెనో హ్యాచ్‌బ్యాక్‌తో దీనికి సంబంధం లేదు. ఇంజన్ బాగుంటుంది గానీ అమ్ముడైన కార్లు తక్కువ కావడంతో బాడీ సామాను దొరకడం కష్టం.

జిప్సీ చాలామందికి ఇష్టమే. కానీ ఎత్తుగా ఉంటుంది, ముందూ వెనకా లీఫ్ స్ప్రింగులు, పాత బండికి కూడా ధర దిగదు. మొదటి కారుగా తీసుకోదగ్గది కాదు.

ఇంటర్నెట్‌లో ఆటోక్రాస్ అని వెతికితే అమెరికా వీడియోలే ఎక్కువ కనిపిస్తాయి. అక్కడ పార్కింగ్ స్థలాల్లో, తారు లేదా కాంక్రీటు మీద కోన్లు పెట్టి నడుపుతారు. మజ్దా మియాటా లాంటి రెండు సీట్ల, వెనక చక్రాల మీద నడిచే కార్లు అక్కడ పాపులర్. అమెరికాలో ఉన్న మన తెలుగు కుర్రాళ్లకు ఆ సలహాలు పనికొస్తాయి. ఇక్కడ మాత్రం చాలా ఈవెంట్లు మట్టి మీద జరుగుతాయి. దొరికే చవక కార్లన్నీ ముందు చక్రాల మీద నడిచేవే. ఆ వీడియోలు చూసి కారును నేలకు దించేయడం, సన్న టైర్లు వేయడం ఇక్కడ డబ్బు దండగ.

బాడీ ముందు, ఇంజన్ తర్వాత

కొనేవాళ్లలో చాలామంది బానెట్ ఎత్తి ఇంజన్ శబ్దం విని తల ఊపుతారు. ఆటోక్రాస్ కారుకు ముందు చూడాల్సింది బాడీ షెల్. ఇంజన్ మార్చవచ్చు, గేర్‌బాక్స్ మార్చవచ్చు. కుళ్లిన షెల్‌ను మార్చడమంటే కొత్త కారు కొన్నట్టే.

కారును జాకీ మీద గానీ ర్యాంప్ మీద గానీ ఎక్కించి చూడాలి. ముందు స్ట్రట్లు బిగించే చోట పగుళ్లు ఉన్నాయా, లోయర్ ఆర్మ్ బోల్టులు వేసే చోట తుప్పు తిన్నదా, డోర్ల కింద అంచులు స్క్రూడ్రైవర్‌తో నొక్కితే లోపలికి పోతున్నాయా చూడాలి. కార్పెట్ ఎత్తి ఫ్లోర్ చూడాలి. పెయింట్ కింద పుట్టీ ఉందో లేదో తెలియాలంటే చిన్న అయస్కాంతం చాలు, పుట్టీ మందంగా ఉన్నచోట అది అతుక్కోదు. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి సముద్ర తీర ప్రాంతాల కార్లకు తుప్పు భయం ఎక్కువ.

వరద నీళ్లలో మునిగిన కార్లు ఇంకో సమస్య. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి బండిని బాగా కడిగి, పాలిష్ చేసి అమ్మకానికి పెడితే పైకి ఏమీ తెలియదు. సీట్ బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడాలి. లోపలి భాగంలో బురద గీత ఉంటే బండి మునిగిందని అనుమానించాలి. సీటు కింద బోల్టుల తుప్పు, ఫ్యూజ్ బాక్సులో పచ్చటి మరకలు, ఏసి వేయగానే వచ్చే ముక్కవాసన కూడా గుర్తులే.

ఆ తర్వాత ఇంజన్. రాత్రంతా ఆపి ఉంచిన కారును చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. ముందే వేడి చేసి ఉంచితే ఏదో దాస్తున్నారని అనుమానించాలి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. మెకానిక్‌తో కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే సిలిండర్ల మధ్య తేడా తెలుస్తుంది. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా చూపించాలి, ఒకటి బాగా తక్కువ చూపిస్తే ధర తగ్గించి అడగడం కాదు, వదిలేయడం మంచిది. స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి నెమ్మదిగా నడిపినప్పుడు టక్ టక్ శబ్దం వస్తే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ అరిగింది. ఏటవాలు మీద హ్యాండ్ బ్రేక్ నిలబడుతుందో లేదో తప్పక చూడాలి. బిగుతు మలుపుల్లో దాని పని చాలా ఉంటుంది.

ఎల్‌పిజి, సిఎన్‌జి కిట్ ఉన్న పాత కార్లు ఎక్కువగా వస్తుంటాయి. పోటీకి ఆ కిట్ తీసేయించాలి. ఆర్‌సిలో గ్యాస్ అని రాసి ఉంటే అక్కడ కూడా మార్పించుకోవాలి. ఆర్‌సిలో లేకుండా బయట వేయించిన కిట్ ఉంటే ఆ కారు జోలికి పోకపోవడమే మేలు.

కాగితాలు

ప్రైవేట్ కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఫారం 25తో ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. బండి ఫిట్‌నెస్ చూస్తారు, గ్రీన్ ట్యాక్స్ కూడా కట్టాలి. 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి రూ.600 కాస్తా రూ.5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో దాన్ని రూ.10,000 చేశారు. ఎస్టీమ్, జెన్, పాత సిటీ దాదాపు అన్నీ 20 ఏళ్ల గీతకు అటూ ఇటూ ఉన్నవే. "ఆర్‌సి అయిపోయింది, మీరే చేయించుకోండి, పది వేలు తగ్గిస్తాను" అని ఓనర్ అంటే ఆ పది వేలు ఫీజుకే చాలకపోవచ్చు.

ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, ఫారం 30 కావాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్‌టిఓ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసి తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ లెక్క వేరే ఉంటుంది. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్లు తిరగకూడదన్న ఆంక్షల వల్ల అక్కడ ధరలు తక్కువగా కనిపిస్తాయి. ఎన్‌ఓసి చేతికి రాకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు. పాత లోన్ ఆర్‌సిలో ఇంకా కనిపిస్తుంటే బ్యాంకు ఎన్‌ఓసి, ఫారం 35 అమ్మేవాడే తేవాలి. ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ ఆర్‌సితో సరిపోల్చుకోవాలి. పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి.

ఖర్చు లెక్క

చవక కారు ఎలా ఖరీదవుతుందో ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. ఇవి మార్కెట్ రేట్లు కావు, లెక్క కోసం వేసుకున్న అంకెలు.

మొదటి కారు రూ.60,000. టింకరింగ్, వెల్డింగ్ రూ.40,000. ఇంజన్ పని రూ.30,000. సస్పెన్షన్, బ్రేకులు రూ.20,000. ఆర్‌సి పని రూ.10,000. మొత్తం రూ.1,60,000. ఇదంతా అయ్యేసరికి ఆరు నెలలు గడిచిపోతాయి.

రెండో కారు రూ.1,10,000. బాడీ గట్టిది, ఆర్‌సి చెల్లుబాటులో ఉంది. బ్రేకులు, బుష్‌లు, ఆయిళ్లకు రూ.30,000. మొత్తం రూ.1,40,000. నెలలో నడపడానికి సిద్ధం.

కొన్నప్పుడు రూ.50,000 ఎక్కువ పెట్టిన కారు చివరికి రూ.20,000 తక్కువకు పడింది. ఆ తర్వాత అమ్మినా దానికి రేటు వస్తుంది. మొదటి కారులో పెట్టిన వెల్డింగ్ డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వరు.

కాబట్టి చేతిలో ఉన్న మొత్తం బడ్జెట్‌లో సగానికి మించి కారు కొనడానికి వాడకూడదు. మిగతా సగం రిపేర్లు, టైర్లు, హెల్మెట్, లైసెన్స్ ఫీజు, ఎంట్రీ ఫీజు, ప్రయాణం, క్యారియర్ కిరాయిలకు కావాలి. ప్రతి ఈవెంట్ తర్వాత ఏదో ఒకటి విరుగుతుంది, దానికి కూడా కొంత పక్కన పెట్టాలి. అప్పు చేసి ఈ హాబీ మొదలుపెట్టకూడదు. ఇంత పాత కార్లకు బ్యాంకులు సాధారణంగా కార్ లోన్ ఇవ్వవు, మిగిలేది వడ్డీ ఎక్కువుండే పర్సనల్ లోన్.

ఇద్దరు ముగ్గురు స్నేహితులు, లేదా అన్నదమ్ములు కలిసి ఒక కారు కొనుక్కోవచ్చు. కొన్ని ఈవెంట్లలో ఒకే కారుతో ఇద్దరు ఎంట్రీ వేసుకునే వీలుంటుంది. ఎవరు ఎంత పెట్టారు, ఎవరి చేతిలో విరిగితే ఎవరు భరించాలి, ఒకరు మధ్యలో తప్పుకుంటే వాటా ఎంత అన్నవి ముందే కాగితం మీద రాసుకోవాలి. ఈ కాగితం లేక చెడిన స్నేహాలు వ్యాపారాల్లో ఎన్నో ఉన్నాయి.

కొన్నాక ఏ వరుసలో పని చేయాలి?

మొదట బ్రేకులు. ప్యాడ్లు, వెనక షూలు, రబ్బరు గొట్టాలు చూసి, బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చాలి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతదైతే వేడెక్కినప్పుడు పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది.

రెండు, టైర్లు. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పైన గాడి బాగున్నా వయసు మీరిన టైరు గట్టిపడి పట్టు ఇవ్వదు. ఇంజన్ మీద పెట్టే డబ్బుతో వచ్చే సమయం కంటే మంచి టైర్లతో వచ్చే సమయం ఎక్కువ.

మూడు, సస్పెన్షన్ బుష్‌లు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు, ఇంజన్ మౌంట్లు. వీటిలో అరిగినవి మార్చితే పాత కారు సగం కొత్తదవుతుంది.

నాలుగు, కూలింగ్. రేడియేటర్, గొట్టాలు, ఫ్యాన్, థర్మోస్టాట్. మట్టిలో రెండో గేరులో పదే పదే లాగుతుంటే వేడి బాగా పెరుగుతుంది. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే కొత్తది వేయించాలి.

ఐదు, సంప్ గార్డ్, ముందూ వెనకా టో హుక్, బ్యాటరీని గట్టిగా బిగించే క్లాంప్.

ఇంజన్ శక్తి పెంచే పని అన్నిటికంటే చివరిది. మొదటి సీజన్‌లో దాని అవసరమే రాదు. సామాను కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ ఆటో పార్ట్స్ దుకాణాలు, విజయవాడ జవహర్ ఆటోనగర్ ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్స్ తీసుకోవచ్చు, బ్రేక్ సామాను, స్టీరింగ్ జాయింట్లు మాత్రం కొత్తవే కొనాలి.

భద్రతలో బేరం వద్దు

బైక్ హెల్మెట్ కారు పోటీకి చాలదు. మోటార్ స్పోర్ట్‌కు వేరే ప్రమాణాలు ఉన్నాయి, నిబంధనల పత్రంలో ఏది రాస్తే అదే కొనాలి. పెద్దవాళ్లు వాడిన పాత హెల్మెట్ తీసుకోకూడదు. ఒకసారి దెబ్బ తగిలిన హెల్మెట్ లోపలి ఫోమ్ మళ్లీ కాపాడలేదు, పైనుంచి చూస్తే అది తెలియదు.

రోల్ కేజ్ విషయంలో ఒక అపోహ ఉంది. కేజ్ వేస్తే కారు అన్ని వేళలా సురక్షితం అనుకుంటారు. హెల్మెట్, రేసింగ్ సీటు, హార్నెస్ బెల్టులతో కలిపితేనే కేజ్ రక్షణ. అవి లేకుండా మామూలుగా నడిపే కారులో తల పక్కన ఇనుప పైపు ఉంటే చిన్న యాక్సిడెంట్‌లో కూడా తలకు గాయం కావచ్చు. గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో మామూలు పైపుతో చేయించిన కేజ్ స్క్రూటినీలో నిలబడదు, బోల్తా పడ్డప్పుడూ నిలబడదు.

పోటీ రోజున కారులోంచి వదులుగా ఉన్న సామానంతా తీసేయాలి. నీళ్ల సీసా, ఫ్లోర్ మ్యాట్, స్టెప్నీ, జాకీ ఏదైనా సరే. బ్రేక్ పెడల్ కిందకి దొర్లిన సీసా ప్రాణం మీదకు తెస్తుంది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ డ్రైవర్ చేతికి అందేలా బిగించాలి.

ఇంట్లోవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు

పిల్లవాడు ఈ మాట ఎత్తినప్పుడు ఒక్కసారిగా వద్దనడం కంటే కొన్ని ప్రశ్నలు అడగడం మంచిది. డ్రైవింగ్ లైసెన్స్ ఉందా? ఎఫ్‌ఎంఎస్‌సిఐ అనుమతి ఉన్న ఈవెంటేనా, పత్రం చూపిస్తావా? ఒక ఈవెంట్‌కు వెళ్లి పోటీదారుడిగా కాకపోయినా ప్రేక్షకుడిగా చూశావా? కారు ధర కాకుండా ఏడాది ఖర్చు ఎంత, రాసి చూపిస్తావా? విరిగితే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? వీటికి సమాధానాలు కాగితం మీద ఉంటే ఆ కుర్రాడు ఆలోచించే అడుగుతున్నాడని అర్థం. లేకపోతే కారు కొనడానికి ఇంకా టైం ఉంది.

కారు కొనకముందే చేయదగ్గ పని ఒకటుంది. దగ్గర్లో ఈవెంట్ జరిగినప్పుడు వెళ్లి వాలంటీర్‌గా పనిచేస్తామని అడగడం. జెండాలు సరిచేయడం, టైం షీట్లు అందించడం లాంటి పనులకు నిర్వాహకులకు ఎప్పుడూ మనుషులు కావాలి. రోజంతా అక్కడ ఉంటే ఏ కార్లు సాయంత్రం దాకా నిలబడ్డాయి, ఏవి టో చేసుకుపోయారు, గెలిచినవాళ్లు ఏం టైర్లు వేశారు అన్నీ కళ్లతో చూడొచ్చు. సీజన్ అయ్యాక పోటీదారుల్లో కొందరు తమ కారును సామానుతో సహా అమ్మేస్తుంటారు. బ్రేకులు, గార్డు, సీటు అన్నీ వేసి ఉన్న అలాంటి కారు, మొదటి నుంచి తయారు చేసుకునే ఖర్చులో చాలా తక్కువకే దొరకొచ్చు. కాగితాలు, షెల్ పరీక్ష మాత్రం దానికీ తప్పవు.